నుఖ్తా, సున్న, సిఫర్

తెలుగువారు 'సున్న' అనే ఒక్క పేరుతో రెండు వేర్వేరు గుర్తులను పిలుస్తారు. అంకెల్లో అది ఏమీ లేదని తెలిపే చిహ్నం. అక్షరాల్లో అది నిండుసున్న, అంటే పూర్ణబిందువు; ముక్కుతో పలికే ధ్వనికి గుర్తు. దానికి తోడుగా అరసున్న కూడా ఉండేది గాని నేటి అచ్చులో దాదాపు కనిపించదు. సంస్కృతంలోని 'శూన్య' శబ్దమే తెలుగు నోట 'సున్న' అయింది. (ప్రవక్త సంప్రదాయాన్ని తెలిపే 'సున్నత్' అనే అరబీ మాటకూ దీనికీ ఏ చుట్టరికమూ లేదు, వినడానికి ఒకటిగా ఉన్నందున ఈ మాట చెప్పవలసి వచ్చింది.)

ఆ శూన్యాన్నే అరబ్బులు 'సిఫర్' అన్నారు, అంటే ఖాళీ. క్రీ.శ. 628లో బ్రహ్మగుప్తుడు శూన్యంతో లెక్కలు చేసే నియమాలు చెప్పాడు. 9వ శతాబ్దంలో బాగ్దాదు పండితుడు అల్ ఖ్వారిజ్మీ భారతీయ అంకెల పద్ధతిని అరబీలో వివరించాడు. 'సిఫర్' లాటిన్ మీదుగా ఐరోపా చేరి 'జీరో' అయింది. కంబోడియాలో దొరికిన 683 నాటి శాసనంలో శూన్యం ఒక చుక్క. అరబీ అంకెల్లో నేటికీ అది చుక్కే. అక్కడ గుండ్రంగా ఉండేది ఐదు! గుంటూరు బ్రాడీపేటలో 4/5 అని చిరునామా రాస్తే నాలుగో లైను, ఐదో అడ్డరోడ్డు అని అర్థం. దాన్నే అరబీ అంకెల్లో రాస్తే తెలుగు కంటికి ఐదు సున్నగా తోస్తుంది. ఉర్దూ ఐదుకు అడుగుభాగం లోపలికి నొక్కుకుని ఉంటుంది గనుక అంత భ్రమ ఉండదు. అరబ్ దేశాల్లో అచ్చయిన ముస్‌హఫ్‌లో ఆయత్ సంఖ్యలు చూసేవారు ఈ తేడా గమనించాలి.

అక్షరాల్లోని చుక్కను 'నుఖ్తా' అంటారు. మాట మధ్యలో బే, తే, సే, నూన్, యే అనే ఐదింటికీ రూపం ఒకటే. నుఖ్తాల సంఖ్య, చోటు మాత్రమే వాటిని వేరు చేస్తాయి. తొలినాటి రాతప్రతుల్లో ఈ చుక్కలు చాలా అరుదు. అయితే అసలు లేవనడం సరికాదు. వియన్నాలో భద్రపరచిన హిజ్రీ 22 (క్రీ.శ. 643) నాటి గొర్రెల రశీదులోనే కొన్ని అక్షరాలకు నుఖ్తాలున్నాయి. ఖుర్ఆన్ ప్రతుల్లో అచ్చుల ధ్వనులు తెలిపేందుకు రంగు చుక్కలు పెట్టించినవాడు అబుల్ అస్వద్ దుఅలీ (మరణం హిజ్రీ 69) అనీ, అక్షరాలను వేరుపరిచే నుఖ్తాలను హజ్జాజ్ కాలంలో నస్ర్ ఇబ్ను ఆసిమ్, యహ్యా ఇబ్ను యఅమర్ స్థిరపరిచారనీ సంప్రదాయం చెబుతుంది. రెండు రకాల చుక్కలు ఒకేచోట చేరితే చదువరికి తికమక తప్పదు. హిజ్రీ 2వ శతాబ్దంలో ఖలీల్ ఇబ్ను అహ్మద్ అచ్చుల చుక్కలకు బదులు చిన్న చిన్న గీతరూపాలు ప్రవేశపెట్టాడు. నేటి జబర్, జేర్, పేష్‌లు ఆ పద్ధతి నుండి వచ్చినవే.

ఇక తెలుగు లిపిలో అరబీ చదివేవారి సంగతి. జుమా, జిక్ర్, జకాత్, రమజాన్, జుహర్: ఈ అయిదు మాటల్లోనూ మనం రాసేది ఒకే 'జ'. మూలంలో అవి జీమ్, జాల్, జే, జ్వాద్, జోయ్. ప్రతిదానికీ ఒక నుఖ్తా ఉంది. 'జల్ల' అని తెలుగులో రాసి చూడండి. జీమ్‌తో అయితే 'మహోన్నతుడయ్యాడు'. అల్లాహ్ నామం వెంట పలికే మాట అదే. జాల్‌తో 'హీనుడయ్యాడు', జేతో 'కాలు జారాడు', జ్వాద్‌తో 'దారి తప్పాడు', జోయ్‌తో 'అలాగే ఉండిపోయాడు'. జీమ్ కడుపులోని నుఖ్తా తీసివేస్తే అది 'హల్ల', 'ధర్మసమ్మతమైంది' అనే అర్థం. నమాజులో పఠించవలసిన సూరాలను తెలుగు అక్షరాల్లో మాత్రమే కంఠస్థం చేసినవారికి ఈ తేడాలేవీ అందవు. అది వారి భక్తిలోని లోపం కాదు, లిపిలోని కొరత.

ఈ కొరతకు కొంత మందు ఇటీవల దొరికింది. కంప్యూటర్ అక్షరాల ప్రమాణమైన యూనికోడ్‌లో 2021లో తెలుగుకు 'నుక్తా' అనే గుర్తు చేరింది. అక్షరం కింద పెట్టే చుక్క అది. 'జ' కింద దాన్ని ఉంచితే జీమ్ విడిపోతుంది. జాల్, జే, జ్వాద్, జోయ్ మాత్రం అప్పటికీ ఒకే అక్షరం కింద, ఒకే చుక్కతో ఉండిపోతాయి.