151 కిలోల పాదరసం, 480 కోట్ల డాలర్ల గని

2000 జూన్ 2న పెరూ దేశపు ఉత్తర కొండల్లోని యానకోచా బంగారు గని నుంచి ఒక లారీ పాదరసం డబ్బాలతో కిందికి దిగింది. లారీ ఒక కాంట్రాక్టు సంస్థది. దారిలో డబ్బాలు కారాయి. సుమారు 40 కిలోమీటర్ల పొడవునా, సాన్ హువాన్, చోరోపంపా, మగ్దలేనా అనే ఊళ్ల మీదుగా 151 కిలోల పాదరసం రోడ్డు పాలైంది.

పదకొండేళ్ల తర్వాత, 2011 నవంబరులో, ఆ గని కంపెనీయే అదే ప్రాంతంలో 480 కోట్ల డాలర్లతో తలపెట్టిన కోంగా గని పనులు జనం తిరగబడటంతో ఆగిపోయాయి. మళ్లీ మొదలు కాలేదు. ఎందుకని అడిగితే కొందరు రాజకీయాలంటారు, కొందరు పర్యావరణ నివేదికలో లోపాలంటారు. రెండూ నిజమే. కానీ నా మటుకు అసలు లెక్క ఆ 151 కిలోల దగ్గరే మొదలవుతుంది. ఆ లెక్క అర్థం కావాలంటే ముందు గని ఎంతటిదో తెలియాలి.

యానకోచా కహమార్కా నగరానికి ఉత్తరాన, సముద్రమట్టానికి 3,500 నుంచి 4,100 మీటర్ల ఎత్తున ఉంది. 1993 ఆగస్టులో అక్కడ తొలి బంగారం తీశారు. చాలా ఏళ్ల పాటు వాటాల లెక్క ఇది: అమెరికా కంపెనీ న్యూమాంట్‌కు 51.35 శాతం, పెరూ కంపెనీ బ్యూనవెంచురాకు 43.65 శాతం, ప్రపంచ బ్యాంకు గ్రూపులోని ఐఎఫ్‌సీకి 5 శాతం. 2005లో ఒక్క ఏడాదిలో 33 లక్షల ఔన్సులు తీశారు. ఔన్సు అంటే 31.1 గ్రాములు, అంటే మన కాసుకు దాదాపు నాలుగింతలు. ఆ లెక్కన 102 టన్నుల పైచిలుకు బంగారం, అంటే కోటీ 28 లక్షల కాసులు. మన దేశంలో ఇప్పటికీ నడుస్తున్న పెద్ద గని, కర్ణాటకలోని హట్టి, ఏడాదికి ఇచ్చేది రెండు టన్నుల లోపే.

ఇంత బంగారం సొరంగాల్లోంచి రాలేదు. కోలార్‌లో చిత్తూరు వైపు నుంచి వెళ్లిన తెలుగువాళ్లు, తమిళులు భూమిలో మూడు కిలోమీటర్ల లోతు దాకా దిగి ఖనిజపు చారను వెంటాడారు. యానకోచాలో అలాంటి చారల్లేవు. కంటికి కనిపించనంత సన్నగా బంగారం కొండంతా కలిసిపోయి ఉంది, టన్నుకు ఒక గ్రాము అటూ ఇటూ. టన్నుకు గ్రాము ఉందని, అందులో 70 శాతం చేతికొస్తుందని అనుకుందాం. ఒక్క కాసు బంగారానికి 11 టన్నులకు పైగా ఖనిజం తవ్వాలి. పైన కప్పి ఉన్న పనికిరాని రాయి ఈ లెక్కలోకి రాదు. 200 టన్నులు మోసే గని లారీ ఒక ట్రిప్పు తెచ్చే ఖనిజంలోంచి చేతికొచ్చేది 17 కాసులు. అందుకే అక్కడ తవ్వకం అంటే కొండకు కొండే లేచిపోవడం. ఆ కొండ మీద ఊటలుంటే అవీ పోతాయి.

తవ్విన ఖనిజాన్ని మందపాటి ప్లాస్టిక్ షీటు పరిచిన నేల మీద గుట్టలుగా పోస్తారు. పైన డ్రిప్ పైపులు వేసి పలచటి సయనైడ్ నీళ్లను వారాలు, నెలల తరబడి చుక్కలుగా వదులుతారు. ఆ నీళ్లు బంగారాన్ని, వెండిని కరిగించుకుని అడుక్కి చేరతాయి. వాటిలో జింకు పొడి కలిపితే లోహాలు ముద్దగా విడిపోతాయి. ఆ కొండల్లో పాదరసం కూడా సహజంగానే ఉంది కాబట్టి అదీ ఆ ముద్దలోకే వస్తుంది. కొలిమికి పంపేముందు దాన్ని ఆవిరి చేసి, చల్లార్చి, విడిగా పట్టుకుంటారు. గనికి అది ఉప ఉత్పత్తి. అమ్మకానికని లిమా పంపుతూ ఉండగానే ఆ జూన్‌లో దారిలో కారింది.

చోరోపంపా జనానికి రోడ్డు గుంతల్లో కనిపించింది వెండిలా మెరిసే బొట్లు. పిల్లలు చేతుల్లోకి తీసుకుని ఆడుకున్నారు. పెద్దవాళ్లు గిన్నెల్లోకి ఎత్తుకున్నారు. గని నుంచి వచ్చింది కాబట్టి ఇందులో బంగారం ఉండొచ్చని కొందరు పొయ్యి మీద పెట్టి కాచారు. లోహ రూపంలో ఉన్న పాదరసం మింగితే ఒంటికి పట్టేది చాలా తక్కువ. ప్రమాదమంతా దాని ఆవిరిలో ఉంది. దానికి వాసన ఉండదు, మామూలు గది వేడికే లేస్తుంది, పీల్చిన ఆవిరిలో సుమారు 80 శాతం ఊపిరితిత్తుల నుంచి రక్తంలోకి పోతుంది. పొయ్యి మీద పెడితే ఇక చెప్పేదేముంది. తర్వాత కంపెనీ మనుషులు వచ్చి, ఏరి తెచ్చిచ్చినవాళ్లకు డబ్బిస్తామన్నారు. దాంతో ఏరే చేతులు పెరిగాయి. దద్దుర్లు, జ్వరం, తలనొప్పి, రక్తస్రావంతో వందలమంది మంచాన పడ్డారు.

ప్రభుత్వం వేసిన జరిమానా సుమారు 5 లక్షల డాలర్లు. ఆ ఏడాది గని తీసింది సుమారు 18 లక్షల ఔన్సులు, అప్పటి ధర ఔన్సుకు 280 డాలర్ల దగ్గర. గంటల్లోకి మారిస్తే ఆ జరిమానా తొమ్మిది గంటల ఉత్పత్తి విలువ. శుద్ధి పనులకు, పరిహారాలకు కంపెనీ అంతకు ఎన్నో రెట్లు, కోటి డాలర్లకు పైగానే ఖర్చు పెట్టిన మాట నిజం. ప్రమాదం తర్వాత న్యూమాంట్ తనంతట తాను చేయించిన అంతర్గత తనిఖీలో వెంటనే సరిదిద్దాల్సిన తీవ్ర లోపాలు 20 బయటపడ్డాయి. ఆ తనిఖీ సంగతి బయటివాళ్లకు తెలియడానికి ఏళ్లు పట్టింది. అన్నిటికన్నా నాకు బాధ కలిగించేది మరొకటి. లారీ కారడం ప్రమాదం. కానీ విషమని ఊరికి ఆ క్షణాన గట్టిగా చెప్పకుండా ఏరివేతకు వెల కట్టడం ఒక నిర్ణయం. కహమార్కా జనం మర్చిపోనిది ఆ నిర్ణయాన్నే.

మూడు ఊళ్ల దుఃఖం ఇంత పెద్ద ప్రాంతమంతా ఎలా పాకిందంటే, వినే చెవులు అక్కడ ముందే ఉన్నాయి. పశువుల దొంగల నుంచి కాపాడుకోవడానికి 1976లో కహమార్కా ప్రాంతంలోనే చోతా దగ్గరి కుయుమల్కా అనే పల్లెలో రైతులు రాత్రి గస్తీ దళాలు పెట్టుకున్నారు. వాటిని రోందాలంటారు. అవి ఊరూరా వ్యాపించి తగవులు తీర్చే పంచాయతీలుగా స్థిరపడ్డాయి. ఒక పల్లెలో జరిగింది రోజుల్లో వంద పల్లెలకు చేరే ఏర్పాటది. కంపెనీ దాని బలాన్ని చాలాకాలం తక్కువ అంచనా వేసిందని నా అభిప్రాయం.

ఆ బలం మొదట 2004లో తేలింది. గని పక్కనే కిలిష్ అనే కొండ ఉంది. దాంట్లో 37 లక్షల ఔన్సుల నిల్వ ఉందని కంపెనీ లెక్క. అప్పటి ధరకు 150 కోట్ల డాలర్ల దరిదాపు. అయితే పోర్కోన్, రియో గ్రాండే నదులు పుట్టేది ఆ కొండ ప్రాంతంలోనే. కహమార్కా నగరం తాగే నీళ్లలో దాదాపు 70 శాతం ఆ రెండు నదులవే. అన్వేషణకు అనుమతి రాగానే సెప్టెంబరులో రైతులు గని దారిని రెండు వారాల పాటు దిగ్బంధించారు. నగరవాసులూ బయటికొచ్చారు. నవంబరులో ఆ అనుమతిని రద్దు చేయమని కంపెనీయే ప్రభుత్వాన్ని కోరింది.

కోంగా ఇంకా పెద్దది. కోటి ఔన్సులకు పైగా బంగారం, దాంతోపాటు రాగి. 2010 అక్టోబరులో పర్యావరణ అనుమతి వచ్చింది. ప్రణాళిక ప్రకారం నాలుగు సరస్సులు పోవాలి: పెరోల్, మాలా అడుగున ఖనిజం ఉంది, అసూల్, చీకా ఉన్న చోట తవ్విపోసిన రాయి గుట్ట వేయాలి. బదులుగా నాలుగు జలాశయాలు కట్టిస్తామని, ఎండాకాలంలో రైతుకు ఇప్పటికన్నా ఎక్కువ నీళ్లొస్తాయని కంపెనీ చెప్పింది. అది ఉత్తమాట కాదు. తర్వాత 2013లో చైల్వాగోన్ జలాశయం పూర్తి చేసి సామర్థ్యాన్ని 14 లక్షల ఘనపు మీటర్ల నుంచి 26 లక్షలకు పెంచింది కూడా. ఘనపు మీటర్లలో చూస్తే లెక్కలో కంపెనీదే గెలుపు. రైతు చూసింది తాళం ఎవరి చేతిలో ఉందన్నది. సరస్సు కింది ఊటలకు, చిత్తడి నేలలకు, బావులకు నీళ్లివ్వడానికి ఎవరి అనుమతీ అడగదు. జలాశయానికి గేటు ఉంటుంది, గేటు దగ్గర కంపెనీ ఉంటుంది. చోరోపంపాలో ఆ కంపెనీ ఏం చేసిందో అందరికీ తెలుసు.

2011 ఎన్నికల్లో ఓయాంటా హుమాలా నీటిని కాపాడతానని ఆ ప్రాంతంలో మాటిచ్చి ఓట్లు అడిగారు. అధ్యక్షుడయ్యాక నవంబరులో గనికి మద్దతు ప్రకటించారు. అనుమతిచ్చిన నివేదికలో లోపాలున్నాయని పర్యావరణ శాఖ అధికారులే రాశారు, ఆ శాఖ ఉపమంత్రి హోసే దె ఎచావే రాజీనామా చేశారు. నవంబరు 24న సమ్మె మొదలైంది, 29న కంపెనీ పనులు ఆపేసింది. డిసెంబరులో నాలుగు ప్రావిన్సుల్లో 60 రోజుల అత్యవసర పరిస్థితి విధించారు, ఆ వారంలోనే ప్రధానమంత్రి సాలొమోన్ లెర్నర్ వైదొలిగారు. 2012 ఏప్రిల్‌లో ఆ పర్యావరణ నివేదికను పరిశీలించిన ముగ్గురు విదేశీ నిపుణులు తమ నివేదిక ఇచ్చారు. జులైలో సెలెందీన్‌లో నలుగురు, బాంబామార్కాలో ఒకరు నిరసనలపై జరిగిన కాల్పుల్లో చనిపోయారు. ఆ అయిదు ప్రాణాల తర్వాత గని గురించి మాట్లాడే భాషే మారిపోయింది. 2016లో న్యూమాంట్ కోంగాను తన నిల్వల పట్టికలోంచి తీసేసింది.

ఇదంతా జరుగుతుండగా సరస్సుల దగ్గర ట్రాగదేరో గ్రాండే అనే చోట మాక్సిమా అకూన్యా అనే రైతు మహిళ కుటుంబం తన నేల విడిచి కదల్లేదు. బంగాళాదుంప వేసుకుని, గొర్రెలు కాచుకుని బతికే కుటుంబం. ఆ భూమి 1994లో తాము కొనుక్కున్నదని వాళ్ల మాట. 1990ల్లోనే సొరోచుకో సమాజం దగ్గర తాము కొన్నామని కంపెనీ మాట. ఆక్రమణ నేరం కింద కేసు పెట్టారు. 2014 డిసెంబరులో పై కోర్టు ఆమెను నిర్దోషి అంది. రెండు నెలలు తిరగకుండా, 2015 ఫిబ్రవరిలో, ఆమె ఇంటికి కొత్తగా కట్టుకుంటున్న భాగాన్ని కంపెనీ మనుషులు కూల్చేశారు. అది తమ నేల మీద ఉందన్నారు. 2016లో ఆమెకు గోల్డ్‌మన్ పర్యావరణ పురస్కారం వచ్చింది. 2017 మేలో సుప్రీంకోర్టు కూడా నేరమేమీ లేదని తేల్చింది. 480 కోట్ల డాలర్ల ప్రాజెక్టుకు ఆ కొన్ని ఎకరాల కోసం ఒక రైతు కుటుంబంతో ఆరేళ్లు కోర్టుల్లో పోరాడటం ఏ లెక్కన చూసినా నష్టమే. ఒక్కో విచారణ కంపెనీ పేరుకు కొత్త మరక వేసింది.

డబ్బు రాలేదా అంటే వచ్చింది. పెరూ చట్టం ప్రకారం గనులు కట్టే ఆదాయపు పన్నులో సగం తిరిగి ఆ ప్రాంతానికే రావాలి. బంగారం ధర పెరిగిన ఏళ్లలో కహమార్కా స్థానిక ప్రభుత్వాలకు ఎన్నడూ చూడనంత సొమ్ము చేరింది. అయినా 2013లో అక్కడ సగానికి పైగా జనం పేదరికంలోనే ఉన్నారు. దేశ సగటు 24 శాతం. గనిలో యంత్రాలే ఎక్కువ పని చేస్తాయి, ఉద్యోగాలు తక్కువ. వచ్చిన సొమ్ము ఖర్చు చేసే శక్తి చిన్న మునిసిపాలిటీలకు లేదు. ఈ రెండో లోపం కంపెనీది కాదు, రాజ్యానిది. కానీ రైతుకు కనిపించేది మాత్రం కంపెనీ ఒక్కటే.

న్యూమాంట్ నేర్చుకోలేదని కూడా అనలేం. 2006లో ఉత్పత్తి మొదలైన ఘనాలోని అహాఫో గని దగ్గర 2008లో ఒక నిధి పెట్టింది: అమ్మిన ప్రతి ఔన్సుకు ఒక డాలరు, నికర లాభంలో ఒక శాతం, నేరుగా చుట్టుపక్కల ఊళ్లకు. ఔన్సు ధర వెయ్యి డాలర్లు దాటాక ఆ ఒక్క డాలరు వెయ్యిలో ఒకటో వంతుకన్నా చిన్నదే. కానీ ఎంత వస్తుందో ఊరివాళ్లు తమంతట తాము లెక్క కట్టుకోగలరు. కహమార్కాలో ఆ వీలే లేదు.

2021 నాటికి యానకోచాలో బంగారం తరిగిపోయింది. 2021, 2022ల్లో ఏడాదికి రెండున్నర లక్షల ఔన్సుల దరిదాపు, అంటే 2005 నాటి దాంట్లో పదో వంతు కూడా లేదు. పెరిగింది మాత్రం మూసివేత ఖర్చు. గంధకంతో కలిసిన రాయి గాలికీ నీటికీ తగిలితే ఆమ్లం పుడుతుంది. ఆ ఆమ్లం రాతిలోని లోహాలను కరిగించి కిందికి తెస్తుంది. తవ్వకం ఆగినంత మాత్రాన ఆ చర్య ఆగదు. గని మూసినా మిగిలేది పోదనడానికి మన కోలారే సాక్ష్యం. ఆ గనులు 2001 ఫిబ్రవరి 28న మూతపడ్డాయి. అక్కడి సయనైడ్ దిబ్బలు, మూడు కోట్ల టన్నులకు పైగా పిండిలాంటి మట్టి, ఇంకా అలాగే ఉన్నాయి. గాలి వీస్తే ఆ దుమ్ము ఇళ్ల మీదికే వస్తుంది.

2021 చివరి మూడు నెలల లెక్కల్లో యానకోచా మూసివేత అంచనాను న్యూమాంట్ 150 కోట్ల డాలర్లకు పైగా పెంచి చూపింది. అందులో ముఖ్యమైన కారణం నీటి శుద్ధి కర్మాగారాలు. ఆ తర్వాతి ఏడాదే బ్యూనవెంచురా తన 43.65 శాతం వాటాను న్యూమాంట్‌కు 30 కోట్ల డాలర్లకు అమ్మేసి బయటపడింది. దాదాపు సగం గని ధర కన్నా, కొత్తగా పెరిగిన మూసివేత ఖర్చు అయిదింతలు. మూసివేత ప్రణాళిక, దానికి హామీ సొమ్ము తప్పనిసరి చేసే చట్టాన్ని పెరూ 2003లో తెచ్చింది, అప్పటికి యానకోచా తెరిచి పదేళ్లయింది. ఆ హామీ సొమ్ము ఎంత, శుద్ధి చేసిన నీళ్లను ఏ కాలువలోకి ఎన్ని లీటర్లు వదలాలి, అవి తగ్గితే ఎవరికి చెప్పుకోవాలి. కోంగా ఆగినా కహమార్కా రైతులు ఈ మూడు జవాబుల కోసం ఇంకా కంపెనీ గేటు దగ్గరికి వెళ్లాల్సే ఉంది.