ఫైటు కూడా డిజైన్ పనే

రామాయంపేట నుంచి హైదరాబాద్ దాదాపు వంద కిలోమీటర్లు, నాగపూర్ జాతీయ రహదారి మీద తిన్నని ప్రయాణం. సినిమా పరిశ్రమ అంత దగ్గరున్నా మా వైపు తల్లిదండ్రులకు సినిమావాళ్లుండే కృష్ణానగర్ కంటే డల్లాసే దగ్గరనిపిస్తుంది. ఇంజినీరింగ్ చదివి, అమెరికాలో డిజైన్ ఉద్యోగంలో కుదురుకున్న కొడుకో బిడ్డో యాక్షన్ సినిమా తీస్తామంటే ఇంట్లో ముందుగా లేచే మాట, "ఇన్నేండ్ల చదువు మన్నుపాలాయె" అని. జీతం పోతుందన్న భయం న్యాయమైనదే. చదువు పోతుందన్న లెక్కను మాత్రం నేను ఒప్పుకోను. డిజైనర్ చదువుకు సినిమాలో ఎక్కువ పని దొరికేది యాక్షన్‌లోనే. మాటల సన్నివేశంలో చాలా భారం నటుడి గొంతు మోస్తుంది. పోరాటంలో ఎవరు ఏ వైపు నుంచి వస్తున్నారో, గోడ ఎంత దూరముందో, కెమెరా ఎటు చూస్తుందో ముందే గీసుకోకపోతే తెర మీద గందరగోళమే మిగులుతుంది, దెబ్బ కనిపించదు.

ఉదాహరణకు, దర్శకుడు రిడ్లీ స్కాట్ లండన్ రాయల్ కాలేజ్ ఆఫ్ ఆర్ట్‌లో చదివి, బీబీసీలో సెట్ డిజైనర్‌గా చేసి, ప్రకటన చిత్రాల్లో స్థిరపడ్డాడు. కత్తియుద్ధాల కథతో ఆయన తొలి సినిమా 'ది డ్యూయలిస్ట్స్' 1977లో వచ్చేనాటికి నలభై ఏండ్లు దగ్గరపడ్డాయి. 2000లో 'గ్లాడియేటర్' తీసిన దర్శకుడు ఆయనే. షాట్లను తన చేత్తో గీసుకునే అలవాటు పోనేలేదు. 2022 నాటి 'టాప్ గన్: మావెరిక్' దర్శకుడు జోసెఫ్ కొసిన్‌స్కీ మెకానికల్ ఇంజినీరింగ్, ఆర్కిటెక్చర్ చదివినవాడు. మన బాపు కూడా పత్రికలకూ ప్రకటనల సంస్థలకూ బొమ్మలు వేసి, 1967లో 'సాక్షి'తో దర్శకుడయ్యాడు. ఇంకా దగ్గరి సాక్ష్యం 'బాహుబలి'. దాని కళాదర్శకుడు సాబు సిరిల్ సినిమాల్లోకి రాకముందు గ్రాఫిక్ డిజైనర్. భల్లాలదేవుడి రథం ముందు గిర్రున తిరిగే కత్తులు చూసి ప్రేక్షకులు జడుసుకున్నారు కదా, ఆ రథంలో ఉన్నది రాయల్ ఎన్‌ఫీల్డ్ ఇంజిన్. నడిపే మనిషి లోపలే దాగి స్టీరింగ్ పట్టుకున్నాడు. సైనికుల కత్తులకు ఉక్కు బదులు తేలికైన కార్బన్ ఫైబర్ వాడారు. కత్తి బరువు తగ్గితే నటుడి మణికట్టు వేగం పెరుగుతుంది, వేగం పెరిగితే షాట్ మారుతుంది. బరువు, బలం, వేగం, ఖర్చు: ఆఫీసులో డిజైనర్ రోజూ తేల్చే లెక్కలు ఇవే.

వీళ్లంతా గెలిచినవాళ్లు, ఓడినవాళ్ల సంగతేమిటని అడుగుతారు. అడగాల్సిన ప్రశ్నే. ప్రవీణ్ సత్తారు అమెరికాలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం నుంచి సినిమాకు వచ్చాడు. 2017లో 'గరుడ వేగ' ఆయనకు యాక్షన్ దర్శకుడిగా పేరు తెచ్చింది. తర్వాత 2022లో 'ది ఘోస్ట్', 2023లో 'గాండీవధారి అర్జున' ఆడలేదు. అనుభవం ఉన్నా, పేరున్న హీరోలు ఉన్నా ఆడకపోవచ్చు. కాబట్టి ఇంట్లో వాదన ధైర్యం గురించి జరగడం దండుగ. ఎంత పోగొట్టుకోగలమన్న దాని మీద జరగాలి. నగేశ్ కుకునూర్ అమెరికాలో ఇంజినీరుగా సంపాదించిన డబ్బుతో 1998లో 'హైదరాబాద్ బ్లూస్' తీశాడు. ఖర్చు 17 లక్షలు, షూటింగ్ 17 రోజులు. అది మాటల మీద నడిచే కథ, యాక్షన్ అంతలో తెమలదంటారు. నిజమే, పూర్తి సినిమా తెమలదు. ఒక గదిలో ఇద్దరి మధ్య మూడు నిమిషాల పోరాటం మాత్రం ఉద్యోగంలో ఉంటూనే, సెలవు రోజుల్లో తీయవచ్చు. అలాంటివి కొన్ని తీసి, పరాయివాళ్లకు చూపించి, దెబ్బ తగిలినట్టు వాళ్లకు అనిపించిందో లేదో తేల్చుకున్నాకే రాజీనామా మాట ఎత్తడం మేలు.

నన్ను ఆగి ఆలోచించమనే అభ్యంతరం మరొకటుంది, దాని గురించి ఇళ్లల్లో ఎవరూ మాట్లాడరు. ఉద్యోగం వదిలినవాడు పణంగా పెట్టేది తన జీతం. వాడు గీసిన బొమ్మను నిజం చేయడానికి ఒళ్లు పణంగా పెట్టేవాళ్లు ఫైటర్లు, డూపులు. కంప్యూటర్‌లో మనిషి ఇరవై అడుగుల ఎత్తు నుంచి పడితే ఎవరికీ నొప్పి పుట్టదు. షూటింగ్‌లో రోప్ ఎక్కడ కట్టారు, కింద పరుపులు ఎన్ని వేశారు, నాలుగో టేక్‌కు ఆ మనిషి అలసిపోయాడా అన్నది గీతలో కనపడదు. ఇక్కడ డిజైన్ చదువు చాలదు. ఫైట్ మాస్టర్ దగ్గర కొంతకాలం అసిస్టెంటుగా నిలబడి, పడటమంటే ఏమిటో కళ్లతో చూసి నేర్చుకోవాలి. ఈ షాట్ వద్దని ఆయన అంటే, ఎంత ముచ్చటపడి గీసుకున్నదైనా చించేయగలగాలి. అయినా డిజైనర్‌కు ఈ పని నప్పుతుందన్న నమ్మకం పెరిగేదీ ఇక్కడే: మంచి డిజైనర్ తన వస్తువును వాడే మనిషికి హాని కలగకూడదని మొదటి రోజు నుంచీ నేర్చుకుని ఉంటాడు. మన ప్రవాస సంఘాలు పిల్లల షార్ట్ ఫిల్ములకు డబ్బు సాయం చేసేటప్పుడు ముందు మనిషి భద్రత అన్న ఆ క్రమమే పాటించాలని నా కోరిక. బడ్జెట్ కాగితంలో ఫైట్ మాస్టర్ పారితోషికం, ఫైటర్ల బీమా మొదటి రెండు వరుసల్లో రాయించండి. కెమెరా అద్దె మూడో వరుసలో రాసుకోవచ్చు.