బీపీసీ-157 గాయాన్ని మాన్పుతుందా?

ప్రొటీన్‌ను పొడవైన పూసల దండ అనుకుంటే, పెప్టైడ్ ఒక చిన్న దండ. పూసలు అమైనో ఆమ్లాలు. ఇన్సులిన్ కూడా 51 అమైనో ఆమ్లాల పెప్టైడే.

క్రీడాకారుల నోట వినిపించే బీపీసీ-157 అనే పెప్టైడ్‌లో 15 అమైనో ఆమ్లాలు ఉంటాయి. దీనిపై ఎక్కువ పరిశోధన చేసింది క్రొయేషియాలోని జాగ్రెబ్ శాస్త్రవేత్తలు. పిక్క కండరాన్ని మడమ ఎముకకు కలిపే టెండాన్‌ను ఎలుకల్లో కోసి ఇది ఇస్తే, త్వరగా అతుక్కుంది. గాయం దగ్గర కొత్త రక్తనాళాలు పుట్టడానికి ఇది తోడ్పడుతుందని వారి వివరణ.

మరి మనుషుల్లో? అసలు చిక్కంతా ఇక్కడే ఉంది. బెణికిన కాలు చాలాసార్లు దానంతటదే నయమవుతుంది. అందుకే బీపీసీ-157 ఇంజెక్షన్ తర్వాత నొప్పి తగ్గితే, అది మందు వల్లేనని చెప్పలేం. ఒకేలాంటి గాయాలున్న చాలామందిని రెండు జట్లు చేసి, ఒక జట్టుకు అసలు మందు, మరో జట్టుకు మందు లేని ఇంజెక్షన్ ఇవ్వాలి. ఎవరికి ఏది ఇచ్చారో వారికీ, పరీక్షించే డాక్టర్లకూ తెలియకూడదు. బీపీసీ-157కు అలాంటి పెద్ద పరీక్షలు జరగలేదు. మనుషులపై చేసినవి కొన్ని చిన్న అధ్యయనాలే.

ఇంకో భయమూ ఉంది: కొత్త రక్తనాళాలు క్యాన్సర్ గడ్డకూ ఆహారం అందించగలవు. ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ 2022 నుంచి బీపీసీ-157ను నిషేధిత జాబితాలో పెట్టింది.