స్త్రీధనము - ప్రభుత్వపు హద్దు

ప్రజల ప్రాణమును, సొమ్మును దౌర్జన్యమునుండియు మోసమునుండియు కాపాడుటతో ప్రభుత్వపు పని తీరిపోవుననియు, తక్కిన విషయములలో నెవరి బ్రతుకు వారికి విడువవలెననియు జెప్పు వాదమొకటి గలదు. ఆంగ్లదేశమున జాన్ స్టూవర్ట్ మిల్లు 1859లో స్వేచ్ఛనుగూర్చి వ్రాసిన గ్రంథము ఈ పక్షమువారికి నేటికిని ఆదరపాత్రము. మన దేశమున 1959లో రాజగోపాలాచారిగారు స్థాపించిన స్వతంత్రపార్టీ అనుమతుల, లైసెన్సుల పెత్తనమును నిరసించెను. దాని తొలి అధ్యక్షులు మన గుంటూరుమండలపు ఆచార్య రంగాగారే.

ఇది పురుషుల రాజకీయమని సోదరీమణులు పుట త్రిప్పివేయకుందురు గాక. ఈ వివాదము మన నగలపెట్టె దాక వచ్చిన కాలమొకటి గలదు.

1962 నాటి చైనా యుద్ధము ముగిసిన పిమ్మట, 1963 జనవరిలో, కేంద్రప్రభుత్వము స్వర్ణనియంత్రణమును విధించెను. 14 క్యారెట్లకు మించిన మేలిమితో క్రొత్త నగలు చేయరాదనిరి. ఆ వన్నెతక్కువ బంగారమును మన ఆడువారు నగగా నెంచుదురా? ఎందరో కంసాలుల కొలుములు చల్లారెను. ఆ మేలిమి నియమము కొన్నియేండ్లకే తొలగినను, 1968లో చట్టరూపము దాల్చిన నియంత్రణము 1990లో గాని రద్దు కాలేదు. ఇన్నియేండ్లును దొంగబంగారము వచ్చుచునేయుండెను.

కరవునందును, ధర్మకార్యమునందును, వ్యాధియందును, చెరయందును భర్త గైకొన్న స్త్రీధనమును తిరిగి యీయనక్కఱలేదని యాజ్ఞవల్క్యస్మృతి చెప్పుచున్నది. ఆపదలు నాలుగే. ఢిల్లీవారు అయిదవదానిని జేర్చిరి! ప్రభుత్వము మన నగలను దీసికొనలేదు, నిజమే; కాని మన సొమ్ముతో మనమేమి చేయించుకొనవలెనో తానే నిర్ణయింపబూనెను.

ఇంతవఱకు మేము స్వేచ్ఛావాదుల పక్షమే. ఇక వారినొక మాట యడుగవలసియున్నది. ప్రభుత్వము గడప దాటి లోనికి రారాదని వారిలో ననేకులందురు. గడప లోపల నెవరి స్వేచ్ఛ? ఇంటినంతయు నొక్క వ్యక్తిగా లెక్కించి, ఆ వ్యక్తి యజమానుడే యని వారు తలచుచున్నట్లున్నది. మిల్లు అట్లు తలపలేదు. స్త్రీల దాస్యమును ఖండించుచు 1869లో వేఱొక గ్రంథమే ప్రకటించెను. కోడలి నగలు భద్రము పేరిట అత్తగారి బీరువాలోనికి బోవును. మఱిది వ్యాపారమునకై తాకట్టునకును బోవును. తుదకు కట్టుబట్టతో ఆమె పుట్టింటికి బోవును. సొమ్మును కాపాడుట ప్రభుత్వపు తొలి ధర్మమనువారు, ఆ సొమ్ము ఆడుదానిదైనప్పుడు మాత్రము కుటుంబవ్యవహారమనుట యేమి న్యాయము?

స్త్రీధనము భార్యకే చెందుననియు, భర్తగాని అత్తింటివారుగాని దానిని దురుద్దేశముతో నపహరించి తిరిగి యీయనిచో నమ్మకద్రోహనేరమగుననియు సుప్రీంకోర్టు 1985లో తీర్పు చెప్పెను. దీనికి క్రొత్త లైసెన్సులేదు, క్రొత్త పన్నులేదు. వీథిలోని దొంగకు వర్తించు న్యాయమే నట్టింటికిని వర్తించినది. ఇంతకంటె చిన్న ప్రభుత్వమును స్వేచ్ఛావాదులు మాత్రము కోరగలరా?

పెండ్లికానుకలకు జాబితా వ్రాసి వధూవరులు సంతకములు చేయవలెనను నియమములును ఆ 1985లోనే వచ్చినవి. దీనికై యే కచేరికిని పోనక్కఱలేదు. ఒక కాగితమును కలమును చాలును. లగ్నపత్రికను పదిమందిలో జదివించు తండ్రులను మేమెందఱినో చూచితిమి. ఈ జాబితాను వ్రాయించిన తండ్రి మాత్రము మాకింకను గనబడలేదు.