ఒక్కచోట దిద్దితే చాలు

దాతల చేయూతతో నడిచే ఆటోక్యాడ్ తరగతిలో పిల్లలు ఏం నేర్చుకుంటున్నారని పెద్దలు మమ్మల్ని అడుగుతుంటారు. ఒక్క పాఠం చెబుతాం.

40 మంది ఉండే హాస్టల్ ప్లాను అనుకుందాం. మంచం, బీరువా, ప్లగ్ పాయింట్ గీసి 40 సార్లు కాపీ చేశాక, బీరువాను అటు జరపమంటారు. 40 చోట్లా దిద్దాలి. ఒక్కటి మరిచినా అక్కడ ప్లగ్ పాయింట్ బీరువా వెనక్కి పోతుంది. సామాను చేరవేశాకగానీ బయటపడదు. మూడింటినీ కలిపి బ్లాకుగా చేసి ఉంటే, ఒక్కచోట దిద్దగానే అన్నీ మారతాయి. గీతల వివరం ఫైలులో ఒక్కసారే ఉంటుంది కనుక ఫైలూ బరువెక్కదు.

అయితే బ్లాకు చేయడానికి పద్ధతుంది. '0' లేయర్ మీద, రంగు 'బైలేయర్'గా ఉంచి గీస్తే, ఏ లేయర్‌లో పెడితే ఆ లేయర్ రంగు వస్తుంది. బేస్ పాయింట్ గోడకు ఆనే మూలలోనే ఉండాలి. మిల్లీమీటర్లా అంగుళాలా అన్నది ముందే చూసుకోకపోతే మంచం 25.4 రెట్లు పెరిగి హాస్టల్‌నే కప్పేస్తుంది!

కొత్తవారు తొందరలో 'ఎక్స్‌ప్లోడ్' వాడతారు. దాంతో ఆ మంచానికి బ్లాకుతో సంబంధం తెగిపోతుంది, తర్వాతి దిద్దుబాటు దానికి చేరదు. పిల్లల డ్రాయింగుల్లో మేము ముందుగా వెతికేది అదే.