చేరిపోవాలా... ఆగాలా?

2023లో విజయనగరం గాజులరేగలో ప్రభుత్వ వైద్య కళాశాల తెరుచుకుంది. మొత్తం 150 సీట్లు. సీటొచ్చిన ఇళ్లలో సంబరంతోపాటే ఓ సందేహమూ మొదలైంది. ఈ కొత్త కాలేజీలో చేరిపోవాలా? లాంగ్‌టర్మ్ కోచింగ్ తీసుకుని, మళ్లీ నీట్ రాసి, 1923 నాటి విశాఖ ఆంధ్రా మెడికల్ కాలేజీకి గురిపెట్టాలా?

భయపడటంలో తప్పులేదు. తొలి బ్యాచ్‌కి సీనియర్లుండరు. పాత పుస్తకాలిచ్చేవాళ్లూ, వైవాలో ఏమడుగుతారో చెప్పేవాళ్లూ ఉండరు. జాతీయ వైద్య కమిషన్ మొదట ఇచ్చేది అనుమతే; పూర్తి గుర్తింపు ఆ బ్యాచ్ ఆఖరి పరీక్షల నాటి మాట. అయితే పట్టా మాత్రం రెండుచోట్లా ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయానిదే. ఇక, వైద్యం నేర్చుకోవడానికి కావాల్సింది పాత గోడలు కాదు, రోగులు. జిల్లా ఆసుపత్రే బోధనాసుపత్రి అయిన ఊళ్లో వాళ్లకేం కొదవ!

అసలు మెలిక ఫీజులో ఉంది. అప్పుడు కన్వీనర్ కోటాలో ఏటా 15 వేలు; అదే కాలేజీలో బీ కేటగిరీకి 12 లక్షలు. రెండోదైతే ఆగడంలో అర్థముంది. మొదటిదాన్ని వదులుకోవడం మాత్రం సాహసమే. నీట్‌లో జనరల్ అర్హత మార్కు 2023లో 137 ఉంటే, మరుసటి ఏడాది 162కి చేరింది.

సీనియర్లు లేరని దిగులుపడ్డ తొలి బ్యాచే తర్వాత వచ్చినవాళ్లకి సీనియర్లయ్యింది.