కప్పు తెచ్చే ఆటగాడిని ఎవరు విచారించాలి?

ఐఐటీ తిరుపతి, ఐసర్ తిరుపతి రెండూ 2015లో మొదలయ్యాయి. కొన్నేళ్లు తిరుపతి చుట్టుపక్కల తాత్కాలిక భవనాల్లో నడిచి, తర్వాత ఏర్పేడు మండలంలోని సొంత ప్రాంగణాలకు మారాయి. రెండూ హాస్టల్ చదువులే. ఇలాంటి చోట జట్టులో పేరున్న సీనియర్, అతని వల్ల ఇబ్బంది పడ్డ జూనియర్ ఒకే మెస్‌లో తింటారు, ఒకే లైబ్రరీలో కూర్చుంటారు. ఆట అయిపోయాక ఎవరి ఇంటికి వాళ్లు వెళ్లిపోయే కాలేజీలో మైదానం బయటి సంగతి నిజంగా బయటే ఉండిపోవచ్చు. ఊరికి దూరంగా ఉన్న క్యాంపస్‌లో ఆ వీలు లేదు. ఏర్పేడులో ఏదో జరిగిందని ఈ మాట అనడం లేదు. ఏమీ జరగనప్పుడే తీరిగ్గా కూర్చుని నియమాలు రాసుకోవాలి. జరిగాక రాసే నియమం ఒకరిని కాపాడటానికో, ఒకరిని బలిచేయడానికో రాసినట్టే ఉంటుంది.

ఆటగాళ్ల తప్పుల విషయంలో చట్టం మనం అనుకునేంత మౌనంగా లేదు. ర్యాగింగ్‌పై యూజీసీ 2009లో తెచ్చిన నిబంధనల్లో శిక్షల జాబితా ఉంది. హాస్టల్ నుంచి తీసేయడం, పరీక్షలకు రానివ్వకపోవడంతో పాటు, టోర్నమెంట్లలో కాలేజీ తరఫున ఆడనివ్వకపోవడం కూడా అందులో ఉంది. అంటే కాలేజీ జెర్సీ వేసుకోవడం హక్కు కాదని, తప్పు చేస్తే పోయే గౌరవమని నిబంధనే చెబుతోంది. అంతకు ముందే, 1997లో, ఆంధ్రప్రదేశ్ ర్యాగింగ్ నిషేధ చట్టం వచ్చింది. ఫిర్యాదు అందినా పట్టించుకోని సంస్థ అధిపతిని నేరానికి సహకరించినవాడిగా ఆ చట్టం చూస్తుంది. లైంగిక వేధింపుల ఫిర్యాదులకు అంతర్గత కమిటీ ఉంది. యూజీసీ 2015 నిబంధనల ప్రకారం ఆ కమిటీ 90 రోజుల్లో విచారణ ముగించాలి.

ఇన్ని ఉన్నా చాలాచోట్ల ఫిర్యాదు మొదట చేరేది పీడీ (ఫిజికల్ డైరెక్టర్) సారు దగ్గరికే. మన కాలేజీల్లో జట్టుకు ఆయనే అన్నీ. సెలక్షన్లు ఆయనవే, హాజరు మినహాయింపు ఆయన సంతకంతోనే, టీఏ డీఏ లెక్కలూ ఆయనవే. వచ్చే వారం అంతర్ విశ్వవిద్యాలయ పోటీలు పెట్టుకుని, ప్రధాన బౌలర్ మీద వచ్చిన ఫిర్యాదును నిష్పక్షపాతంగా వినమని ఆయనను అడగడం ఆయనకూ అన్యాయమే. మంచి మనిషైనా సరే, “పోటీలయ్యాక చూద్దాంలే” అనే మాట నోటికి వచ్చేస్తుంది. నా దృష్టిలో అన్ని నియమాలకూ ముందు ఉండాల్సిన నియమం ఒక్కటే: జట్టును ఎంచే మనిషి జట్టు సభ్యుడి తప్పును విచారించకూడదు. ఆయన పని ఫిర్యాదును అదే రోజు కమిటీకి అందజేయడం, అంతే.

ఈ గీత చెరిగిపోతే ఏమవుతుందో అమెరికాలోని టెక్సస్‌లో బేలర్ విశ్వవిద్యాలయం చూపించింది. ఆటగాళ్లపై వచ్చిన లైంగిక దాడి ఫిర్యాదులను ఫుట్‌బాల్ సిబ్బంది కొన్నిసార్లు తామే విని, పై అధికారులకు తెలియజేయలేదని బయటి న్యాయ సంస్థ తేల్చింది. 2016 మేలో కోచ్ ఆర్ట్ బ్రైల్స్ ఉద్యోగం, అధ్యక్షుడు కెనెత్ స్టార్ పదవి పోయాయి. బ్రైల్స్ ఆ జట్టును గెలుపు బాట పట్టించిన కోచ్. అందుకే ఆయన సిబ్బందిని ప్రశ్నించడానికి ఎవరికీ నోరు రాలేదని నేను అనుకుంటాను.

దీనికి సరిగ్గా ఎదురు దిక్కున, అమెరికాలోనే, డ్యూక్ విశ్వవిద్యాలయం ఉంది. 2006 మార్చిలో అక్కడి లక్రాస్ ఆటగాళ్లు క్యాంపస్ బయటి ఇంట్లో మద్యంతో పార్టీ చేసుకుని, డబ్బిచ్చి ఇద్దరు నర్తకులను పిలిపించారు. వారిలో ఒకామె తనపై అత్యాచారం జరిగిందని ఆరోపించింది. ముగ్గురిపై కేసు పెట్టారు. కోర్టులో ఏమీ తేలకముందే కాలేజీ ఆ సీజన్‌ను రద్దు చేసింది, కోచ్ రాజీనామా చేయాల్సి వచ్చింది. 2007 ఏప్రిల్‌లో రాష్ట్ర అటార్నీ జనరల్ ఆ ముగ్గురూ నిర్దోషులని ప్రకటించారు. ఆధారాలు దాచిన ప్రాసిక్యూటర్ లాయర్ వృత్తికే దూరమయ్యారు. ఆరోపించిన మహిళ తాను అబద్ధం చెప్పానని 2024 డిసెంబరులో ఒప్పుకుంది. ఇక్కడ ఒక సంగతి గమనించాలి. ఆ పార్టీ తప్పే. దానికి కాలేజీ తన నియమాల ప్రకారం శిక్ష వేయవచ్చు. ఆరోపించిన నేరాన్ని మాత్రం పోలీసులు, కోర్టు తేల్చాలి. రెండింటినీ కలిపేయడంతో అంతా గందరగోళమైంది. అలాగని డ్యూక్‌ను చూపించి ప్రతి ఫిర్యాదునూ అనుమానించేవాళ్లను నేను ఒప్పుకోను. అక్కడ కొరవడింది విచారణ, దాన్ని సరిగ్గా జరిపించడమే దానికి మందు.

విచారణ సాగుతుండగా ఆటగాడిని పక్కన పెట్టవచ్చా? పెట్టవచ్చు. ముఖ్యంగా ఫిర్యాదు చేసినవారు అదే జట్టులోనో అదే హాస్టల్‌లోనో ఉంటే పెట్టాలి కూడా. అయితే అది శిక్ష కాదని కాగితం మీద రాయాలి, ఎప్పటిలోగా తేలుస్తారో చెప్పాలి. 2019 జనవరిలో టీవీ కార్యక్రమంలో మాట్లాడిన మాటలకు క్రికెటర్లు హార్దిక్ పాండ్యా, కేఎల్ రాహుల్‌లను బీసీసీఐ సస్పెండ్ చేసి, ఆస్ట్రేలియా పర్యటన నుంచి వెనక్కి పిలిపించింది. తీరా చూస్తే విచారించాల్సిన అంబుడ్స్‌మన్ నియామకమే జరగలేదు. రెండు వారాల్లోనే సస్పెన్షన్ ఎత్తేశారు. చివరికి ఏప్రిల్‌లో, అంబుడ్స్‌మన్‌గా వచ్చిన జస్టిస్ డీకే జైన్ ఒక్కొక్కరికీ 20 లక్షల రూపాయల జరిమానా వేశారు. అంత పెద్ద బోర్డే విచారించేవాళ్లు లేకుండా సస్పెండ్ చేసిందంటే, చిన్న కాలేజీలు ఎంత జాగ్రత్తగా ఉండాలో!

తప్పు చేసింది పెద్దలే అయితే? 2024 ఫిబ్రవరిలో హైదరాబాద్ మహిళల క్రికెట్ జట్టు కోచ్ టీమ్ బస్సులో మద్యం తాగారన్న ఆరోపణ వచ్చింది. విచారణ ముగిసేదాకా హైదరాబాద్ క్రికెట్ సంఘం (హెచ్‌సీఏ) ఆయనను పక్కన పెట్టింది. ఆరోపణ నిజానిజాలు అటుంచి, బస్సులో ఉన్న అమ్మాయి ఎవరికి ఫోన్ చేయాలన్నది అసలు ప్రశ్న. బయటి ఊరికి ఆడటానికి వెళ్లే ప్రతి జట్టు దగ్గరా, కోచ్‌తో సంబంధం లేని ఒక అధ్యాపకురాలి నంబరు ఉండాలి. జాతీయ ర్యాగింగ్ హెల్ప్‌లైన్ 1800-180-5522 ఎప్పుడూ పనిచేస్తుంది. కానీ రాత్రి పదకొండుకు తెలియని ఊళ్లో ఉన్న పిల్లకు తెలిసిన గొంతు కావాలి.

అయితే రాత్రి ఆలస్యంగా గదికి రావడం, ప్రాక్టీసుకు ఎగనామం పెట్టడం లాంటి చిన్న తప్పులను మాత్రం పీడీ సారే చూసుకోవచ్చు. వాటికి కమిటీలు అక్కర్లేదు.

చివరగా శిక్ష కొలత. అంతర్ విశ్వవిద్యాలయ పోటీల్లో ఆడటానికి సాధారణంగా 25 ఏళ్లే పరిమితి. ఆ పోటీల్లో విశ్వవిద్యాలయం తరఫున ఆడితే వచ్చే ఫారం-3 ధ్రువపత్రం కేంద్ర ప్రభుత్వ క్రీడా కోటా ఉద్యోగాలకు దారి. పల్లె నుంచి వచ్చిన 23 ఏళ్ల అబ్బాయికి రెండేళ్ల నిషేధమంటే ఆట ముగిసినట్టే. ఘోరమైన తప్పయితే అలా ముగియాల్సిందే. కానీ ఎంత వేస్తున్నారో తెలిసి వేయాలి. కాబట్టి ఉత్తర్వులో ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకో, ఏ తప్పుకో, ఎవరికి అప్పీలు చేసుకోవాలో రాయాలి. ఆ ఉత్తర్వు ప్రతి ఒకటి ఫిర్యాదు చేసినవారికీ అందాలి. శిక్ష పడ్డ ఆటగాడు మళ్లీ గ్రౌండులోకి ఎప్పుడు వస్తున్నాడో వాళ్లకు ముందే తెలియాలి.